వెలుగని తెర



హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరములు ఒకదాని నొకటి ఒరసికొనియున్న పేటలు. చిక్కడపల్లియందు నగర కేంద్ర గ్రంథాలయము కలదు. అశోకనగరమున సర్కారు కొలువుల పరీక్షలకు తరిఫీదు నిచ్చు శాలలు కలవు. ఈ రెంటినిబట్టి పల్లెటూరి యువకులు వందలకొలదిగా వచ్చి, ఇచ్చటి సందులలో గదులు అద్దెకు గైకొని చదువుకొనుచున్నారు. వారిలో కొందఱు ఒకరు వాడి విడిచిన కంప్యూటరును చవుకగా కొని తెచ్చుకొందురు. ఒకనాటి ఉదయమున మీట నొక్కిన తెర వెలుగదు, మధ్యాహ్నమునకు వెలుగును, మఱునాడు మరల చీకటి. అంతట ఊరిలోని పెద్దాయనకు టెలిఫోను వచ్చును: "తాతా, కంప్యూటరు ఖరాబైంది, పైసలు పంపవా" అని. ఆ తాతలు మీరే గనుక, ఈ తెర యొక్క పూర్వకథను మీకు విన్నవింపదలచితిని. కథ తెలిసినవానికి రోగనిర్ణయము సగము తెలిసినట్లే.

మొదట ఎఱుగవలసినది: తెర వేఱు, కంప్యూటరు వేఱు. వాని పుట్టిండ్లే వేఱు. 1897 వ సంవత్సరమున కార్ల్ ఫెర్డినాండు బ్రౌను అను జర్మను శాస్త్రజ్ఞుడు, గాలి తీసివేసిన గాజుబుడ్డిలో ఎలక్ట్రానుల ధారను నడపి, అది తాకినచోట వెలుగు పుట్టునట్లు చేసెను. విద్యుత్ప్రవాహముల పోకడను కంటితో చూచుటకే ఆ బుడ్డి. అందు లెక్కలయంత్రముల ప్రసక్తి లేదు. అరువది సంవత్సరములైన నిండకమునుపే, 1948 జూను 21 న, ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున విలియమ్సు, కిల్‌బర్ను మున్నగువారి చిన్న కంప్యూటరు తొలిలెక్క చేసెను. చిత్రమేమనగా, ఆ యంత్రమునకు బ్రౌను బుడ్డియే జ్ఞాపకస్థానము. అంకెలు దానిపై చుక్కలుగా, గీతలుగా నిలిచెడివి. జతగా పెట్టిన మఱొక బుడ్డిపై వానిని చూచి ఫలితమును చదువుకొనెడివారు. అయినను ఆ పిమ్మట చాలకాలము కంప్యూటరు పలుకులు కాగితముమీదనే అచ్చుపడుచు వచ్చినవి.

మన నగరమునకును ఈ కథలో పాలు కలదు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున 1967 ఏప్రిలులో ఈసీఐఎల్ అను ఎలక్ట్రానిక్సు సంస్థ హైదరాబాదున వెలసెను. 1969 లో అచ్చటినుండి టీడీసీ-12 అను కంప్యూటరు వెలువడెను. ఆ సంస్థయే టెలివిజను పెట్టెలనుకూడ చేసినది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము సాయమున ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ప్రసారములు జరిగెను. నాటి ఆంధ్రప్రదేశము అం దొకటి. ఆ గ్రామముల పెట్టెలు ఈ హైదరాబాదు సంస్థ చేసినవే. మీలో వానిని చూచినవా రున్నచో, మీట నొక్కిన వెంటనే బొమ్మ రాకుండుట జ్ఞాపకముండును. బుడ్డి మెడలోని సన్నని తీగ ఎఱ్ఱగా కాగినగాని ఎలక్ట్రానులు వెలువడవు. ఆనాటి తెర ఆలస్యమునకు కారణము రోగము గాదు, స్వభావము.

నేటి పలుచని తెర స్వభావము వేఱు. 1888 లో రైనిట్జరు అను వృక్షశాస్త్రజ్ఞుడు ప్రేగు నగరమున, క్యారెటు దుంపలనుండి తీసిన పదార్థ మొకదానిని పరీక్షించుచు, అది 145 డిగ్రీల వద్ద కరగి మబ్బుగా నుండి, 178 డిగ్రీల వద్ద మరల తేటపడుట గమనించెను. ద్రవమునకు ఘనమునకు నడుమనున్న ఆ స్థితియే నేటి తెరకు మూలము. ఈ పదార్థమునకు సొంతవెలుగు లేదు. వెనుకనున్న దీపపు కాంతిని అచ్చటచ్చట ఆపుచు, అచ్చటచ్చట విడుచుచు, కిటికీ రెక్కవలె పనిచేయును. కావున దీప మారినను బొమ్మ యుండవచ్చును. చీకటిగదిలో తెరపై టార్చిలైటు నేటవాలుగా వేసి చూడుడు. అక్షరములు లీలగా కానవచ్చినచో చెడినది దీపమే.

ఇక ఉదయము మొరాయించి మధ్యాహ్నము వెలుగు తెర మాట. బోరుమోటారునకు తగిలించు కండెన్సరును మీ రెఱుగుదురు. దాని చిన్న తమ్ములు తెరలోపలి విద్యుత్తు పలకపై నిలిచియుండును. వానిలో అల్యూమినియపు రేకుల నడుమ రసాయనపు తడి గల కాగితము చుట్టియుండును. 1999 మొదలు 2007 ప్రాంతము వఱకు ప్రపంచమంతట అమ్ముడుపోయిన వానిలో చాలవాటియందు ఆ రసాయనము సరిగా కలుపబడలేదు. లోపల వాయువు పుట్టి, బల్లపరుపుగా నుండవలసిన తల ఉబ్బి, కొన్ని కారినవి. లెస్సగా చేసినవియు వేడికి ఎండును. పది డిగ్రీల వేడి పెరిగిన ఆయువు సగమగునని నిపుణుల అంచనా. మన నగరపు మేడపై రేకులగదిలో వేసవి యెట్లుండునో చెప్పనేల? అట్లెండిన కండెన్సరు చల్లగా నున్నపుడు విద్యుత్తును సరిగా అందింపలేదు. నాలుగుమాఱులు మీట నొక్కి కొంత వెచ్చబడిన పిదప అందించును. దాని వెల స్వల్పము. కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరకును. కాని మార్చుట నేర్పరి పని. తీగ ఊడదీసిన తరువాతకూడ లోపల విద్యుత్తు నిలిచియుండును గనుక, మీ మనుమని ఆ మూత విప్పనీయకుడు. పాత గాజుబుడ్డి తెరలయందు అపాయము మఱియు నధికము.

తెలుగువాడైన అన్నంభట్టు 17 వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమును నేను బాల్యమున గురుముఖమున చదివితిని. పొగ యున్నచోట నిప్పు కలదనుట సరి. నిప్పున్నచోట నెల్ల పొగ కలదనుట సరిగాదు, కాలిన ఇనుపగుండునకు పొగ లేదు గదా! తెర చీకటిగా నున్నది గనుక కంప్యూటరు చచ్చినదనుట ఇట్టి దుష్టహేతువే. అశోకనగరపు గదిలో ఒక విద్యార్థికి బాగుచేయువా డొకడు ఇట్లే తీర్పుచెప్పి, క్రొత్తయంత్రము కొనుమనెను. ఆ పెట్టెలో బాలుని మూడేండ్ల వ్రాతలున్నవి. పరీక్ష నెలదినములలో పడినది. నే నతనిని కీబోర్డుమీది నంలాక్ మీటను నొక్కుమంటిని. చిన్నదీపము వెలిగెను, మరల నొక్కగా ఆరెను. యంత్రము బ్రతికియేయున్నది! ప్రక్కగదివాని తెరను తెచ్చి తగిలింపగా వ్రాతలన్నియు కానవచ్చినవి. ఇదియే అన్వయవ్యతిరేకములు: దానిని పెట్టిన వెలుగు, తీసిన చీకటి. చెడినది తెరలోని కండెన్సరే.

రెండవ తెరయు వెలుగకున్న తీగను మార్చి చూడవలెను. 1987 నాటి పద్ధతి తీగకు 15 ములుకులు; అం దొక్కటి వంగినను రంగు పోవును, లేదా బొమ్మయే పోవును. తీగయు మంచిదైనచో, గోడనుండి విద్యుత్తు తీగ ఊడదీసి, జ్ఞాపకపు బద్ద, అనగా ర్యామును తీసి, దాని పసిడిరంగు అంచును పిల్లలు వాడు రబ్బరుతో మెల్లగా రుద్ది, టప్పుమను వఱకు మరల నొక్కవలెను. దుమ్మును చెమ్మయు చేరిన పెట్టెలలో ఇంతమాత్రముననే తెర వెలుగుట నేను పలుమాఱులు చూచితిని. ఇంతచేసినను చీకటియే యైనచో అపుడు ప్రధానపు పలకను అనుమానింపవచ్చును. అప్పటికిని వ్రాతలుండునది ఆ పలకలో గాదు, డిస్కులో. దానిని విప్పి వేఱొక కంప్యూటరునకు తగిలించి చదువుకొనవచ్చును.