ఇంటి యజమాని ఎవరు?

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీదికి వచ్చినప్పుడు, ఏ ఇంట్లో బాలింత ఉందో, ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలమ్మ ఉందో మా వీధిలో ఆడవాళ్లకే తెలుసు. ఎవర్ని ఎవరి మిద్దె ఎక్కించాలో చెప్పింది వాళ్లే. అందరికంటే ముందు తలుపులు తట్టింది మూలింట్లో బాడుగకుండే, మిషను కుట్టుకునే ఆమె. బురద ఎత్తిపోసుకున్నాక కాలనీకి ఒక సంఘం ఉండాలన్న మాట కూడా ట్యాంకరు దగ్గర బిందెల వరసలోనే పుట్టింది.

తీరా రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఏడు సంతకాలూ మగవాళ్లవే. మమ్మల్ని ఎవరూ వద్దనలేదు. "సభ్యులు: కాలనీలోని ఇంటి యజమానులు" అని నిబంధనావళిలో రాశారు, అంతే.

మా అమ్మ తరం వాళ్లు మొగుడి పేరు పలకకుండా "మా యజమాని" అనేవాళ్లు. ఆస్తీ, మొగుడూ ఒకే మాటలో ఇమిడిపోయిన భాష మనది. గుమాస్తా ఆ మాట రాస్తున్నప్పుడు ఎవరికీ ఏ అనుమానమూ రాకపోవడంలో వింతేముంది?

చట్టం ఆ మాట అడగలేదు. తెల్లదొరల 1860 చట్టమూ, దాని స్థానంలో వచ్చిన 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమూ అడిగేది ఏడుగురు మనుషుల్ని. ఒక పేరు, చిరునామా, ఆశయాలు, నిబంధనావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించుకోవాలి. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కార్యవర్గం జాబితా పంపాలి. సభ్యులెవరన్నది మాత్రం మనం రాసుకునేదే. సంఘం పెట్టబోయేవాళ్లు పేరు గురించి కొట్లాడతారు గానీ కొట్లాడాల్సింది ఆ ఒక్క వాక్యం దగ్గర.

మాకు సంఘాలు కొత్త కాదు. పక్కనే ఓర్వకల్లులో 1990ల మధ్య నుంచీ ఆడవాళ్లు పొదుపు సంఘాలు కట్టి, మండల సమాఖ్య నడిపి దేశానికి పాఠమయ్యారు. అప్పు కట్టే సంఘంలో మనం సభ్యులం. మురుగు కాలవ కోసం మునిసిపాలిటీకి అర్జీ పెట్టే సంఘంలో మాత్రం ఫలానావారి భార్యలం. ఈ పని విభజన ఎవరు చేశారో నాకు అర్థం కాదు. అంటే, అర్థమవుతుంది.

2020 డిసెంబరు 25న ప్రభుత్వం మొదలుపెట్టిన ఇళ్లపట్టాల పంపిణీలో పట్టాలు ఆడవాళ్ల పేరనే ఇచ్చారు. మా నిబంధన ప్రకారం ఆ కాలనీల్లో సంఘమంటే మొత్తం ఆడవాళ్లదే కావాలి. కడప దగ్గర అలాంటి కాలనీలో ఉన్న మా చుట్టపామెను అడిగాను. "మీటింగుకు ఆయప్ప పోతాడు, నేను సంతకం జేస్తా" అంది. పట్టా చేతికొచ్చినా యజమాని మారలేదు.

చివరికి మా సమావేశంలో "యజమానులు" తీసేసి "18 ఏళ్లు నిండిన నివాసులు" అని పెడదామన్నాను. మగవాళ్లు గొణిగారు. అది నేను ఊహించిందే. అడ్డుపడింది మా వదినలే. "బాడుగోళ్లను గూడా చేర్చుకుంటే రేపు ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు సంఘం మాటెత్తుతారు, వద్దక్కా" అన్నారు. సర్దుబాటుగా "యజమాని లేదా భార్య" అని తీర్మానమైంది. చేతులెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను.

మూలింటామె ఆరోజు బయట అరుగు మీద కూర్చుని, ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికో ఫోనులో చెబుతోంది.