మెమోరియల్ డే: మొదటి పూలు ఎవరు పెట్టారు?

అమెరికాలో ఏటా మే నెల చివరి సోమవారం మెమోరియల్ డే. యుద్ధాల్లో ప్రాణాలిచ్చిన సైనికుల సంస్మరణ దినం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు అది వేసవి మొదట్లో కలిసొచ్చే మూడు రోజుల సెలవు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లలోనూ చాలామందికి అంతే.

ఈ దినానికి మూలం అంతర్యుద్ధం. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య 1861-65లో జరిగిన ఆ పోరు ఆరు లక్షల మందికి పైగా సైనికులను బలి తీసుకుంది. మాజీ సైనికుల సంఘమైన గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ద రిపబ్లిక్‌కు అధిపతిగా ఉన్న జాన్ లోగన్, మే 30న సమాధులపై పూలు ఉంచి నివాళి అర్పించాలని 1868లో ఆదేశం ఇచ్చాడు. ఆ రోజు ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో ప్రసంగించిన జేమ్స్ గార్ఫీల్డ్ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్లూ అనే చిన్న ఊరు 1866 మే 5నే దుకాణాలు మూసి ఇలాంటి దినం జరిపింది. శతాబ్ది సందర్భంగా 1966లో ప్రభుత్వం ఆ ఊరినే ఈ ఆచారానికి పుట్టినిల్లుగా గుర్తించింది. పాఠ్యపుస్తకాలకు ఈ కథ చాలు.

దక్షిణాది రేవు పట్టణం చార్ల్స్‌టన్ కథ వేరు. యుద్ధం మొదలైంది ఆ రేవులోనే. అక్కడి భూస్వాముల ముచ్చటైన గుర్రప్పందేల మైదానాన్ని దక్షిణ సైన్యం యుద్ధం చివరి ఏడాదిలో ఖైదీల శిబిరంగా మార్చింది. నీడ లేని ఆ నేల మీద రోగాలతో, ఎండావానలతో కనీసం 257 మంది ఉత్తరాది సైనికులు చనిపోయారు. వారిని ప్రేక్షకుల గ్యాలరీ వెనక గుంతల్లో పూడ్చేశారు. 1865 ఫిబ్రవరిలో నగరం ఉత్తర సైన్యం వశమయ్యాక, నిన్నటిదాకా బానిసత్వంలో మగ్గిన నల్లజాతి కూలీలు ఆ శవాలను వెలికితీసి ఒక్కొక్కరికీ విడిగా సమాధి కట్టారు, చుట్టూ కంచె వేసి సున్నం పూశారు. ద్వారం మీద ‘పందెపు మైదానపు అమరులు’ అని రాశారు. మే 1న సుమారు పదివేల మంది ఊరేగారు. ముందు నడిచింది మూడు వేల మంది బడిపిల్లలు, చేతుల్లో గులాబీలు. వెనక పూలబుట్టలతో స్త్రీలు, ఆ తర్వాత నల్లజాతి పటాలాల కవాతు. వార్త న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో, స్థానిక పత్రికలో వచ్చింది.

అంత పెద్ద ఘటన మరుపున పడటం నా దృష్టిలో కాకతాళీయం కాదు. 1877 తర్వాత దక్షిణాన అధికారం మళ్లీ శ్వేతజాతి వారి చేతికి చిక్కింది. మృతదేహాలను బోఫర్ట్ జాతీయ శ్మశానానికి తరలించారు. ఆ మైదానం ఉన్న చోట వెలసిన ఉద్యానానికి బానిస వ్యవస్థ పక్షాన పోరాడిన సేనాని వేడ్ హాంప్టన్ పేరు పెట్టారు. 1916లో ఒక దక్షిణాది స్త్రీల సంఘం ఈ ఊరేగింపు నిజమేనా అని విచారిస్తే, చార్ల్స్‌టన్ నుంచి అధికారిక సమాచారమేదీ దొరకలేదనే జవాబు వచ్చింది. పాత పత్రిక తిరగేస్తే దొరికే సమాచారమది! చివరికి 1990లలో ఆ ఊరేగింపు ప్రస్తావన హార్వర్డ్ గ్రంథాలయంలో మాజీ సైనికుల కాగితాలు చూస్తున్న చరిత్రకారుడు డేవిడ్ బ్లైట్ కంట పడింది.

లోగన్ ఆదేశానికి చార్ల్స్‌టన్ స్ఫూర్తి అని చెప్పే ఆధారం లేదని బ్లైట్ కూడా ఒప్పుకున్నాడు. కాబట్టి ఆ ఊరేగింపునే ఈ సెలవుకు మూలం అనడం తొందరపాటు. అయితే అది వాటర్లూ కన్నా ఏడాది ముందుది, ఎన్నో రెట్లు పెద్దది. పుట్టినిల్లు అనే మాట వాడక తప్పదనుకుంటే, 1966లో ఇచ్చిన గుర్తింపు తప్పు చిరునామాకు చేరింది.