పేడలోని నిప్పు

గోడలపై పిడకలు ఆరుచున్న పల్లెను ఎరుగని తెలుగువారుండరు. పిడక మండినప్పుడు అన్నము ఉడుకును. కాని చేనికి చేరవలసిన ఎరువు బూడిదయగును, వంట చేయు ఇల్లాలి కన్నులు పొగకు ఎఱ్ఱబడును. పేడను పొయ్యికిత్తుమా, పొలమునకిత్తుమా? ఈ చిక్కును విడదీయుటకు మన దేశమున జరిగిన యత్నమే గోబర్ గ్యాస్ చరిత్ర.

దానికి మూలమైన శాస్త్రము ఒక సరస్సు ఒడ్డున పుట్టినది. 1776లో ఇటలీ దేశీయుడైన అలెస్సాండ్రో వోల్టా మజోరె సరస్సు అంచున బురదను కలచి, పైకి వచ్చిన బుడగలను సీసాలలో పట్టి, ఆ వాయువు మండుట గమనించెను. దానినే నేడు మీథేన్ అనుచున్నాము. గాలి సోకని చోట సూక్ష్మజీవులు ఆకులలములను, పేడను జీర్ణము చేయగా అది జనించును.

బురదలో ప్రకృతి చేయు పనిని తొట్టిలో చేయింపవచ్చునని పిమ్మట తెలిసినది. బొంబాయిలోని మాటుంగా కుష్ఠరోగుల ఆశ్రమమున 1897లోనే మలమునుండి వచ్చిన వాయువుతో దీపములు వెలిగించిరి. 1930ల చివర ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. వి. దేశాయి పేడపై ప్రయోగములు సాగించెను. 1950ల ఆరంభమున జష్‌భాయి పటేల్ పల్లెకు తగిన యంత్రమును రూపొందించెను. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1960లలో దానిని ప్రచారములోనికి తెచ్చెను.

దాని నిర్మాణము సులభము. ఇటుకల బావిలో పేడను, నీటిని సమముగా కలిపి పోయుదురు. పైన బోర్లించిన ఇనుప డ్రమ్ము, వాయువు చేరిన కొలది పైకి తేలును. దాని బరువే వాయువును గొట్టము వెంట పొయ్యికి నెట్టును. బయటికి వచ్చు మడ్డిలో నత్రజని నిలిచియుండును గనుక అది చేనికి మేలైన ఎరువు. ఒకే పేడ పొయ్యికి, పొలమునకు కూడ దక్కినది!

కాని అందఱికి దక్కలేదు. ఒక ఘనమీటరు వాయువునకు రోజునకు సుమారు 25 కిలోల పేడ కావలెను. ఒక్క ఆవు మాత్రమే ఉన్న ఇంటికి అది అందని మాట. పైగా ఇనుము తుప్పు పట్టును, వెల హెచ్చు. అందుచే ఇటుకల గుమ్మటముతో 1978లో జనతా, 1984లో దీనబంధు నమూనాలు వెలువడినవి. ఐనను, కట్టిన పిమ్మట కనిపెట్టుకొనువారు లేక మూలబడిన బావులు అనేకము.

2018లో కేంద్ర ప్రభుత్వము ఈ వాయువునే శుద్ధిచేసి, వాహనములకు ఇంధనముగా అమ్మించు పథకమును ఆరంభించినది. వరిగడ్డి, చక్కెర మిల్లుల మడ్డి, నగరముల చెత్త దీనికి ముడిసరకులు. మండినపుడు వెలువడు బొగ్గుపులుసు వాయువు మొక్కలు నిన్నమొన్న గాలినుండి గ్రహించినదే. భూగర్భమునుండి త్రవ్వి తెచ్చినది కాదు. వాతావరణమునకు మేలనుట ఇందువలననే.

అయితే ఒక హెచ్చరిక కలదు. మండక తప్పించుకొన్న మీథేన్, నూరేండ్ల లెక్కలో, అంతే బరువు గల బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కించును. కారుచున్న గుమ్మటము మేలు చేయకపోగా కీడు చేయును. కావున బావులెన్ని కట్టితిమనుట కాదు, పదియేండ్ల పిమ్మట ఎన్ని పొయ్యిలు వెలుగుచున్నవనుటయే లెక్క. వోల్టా సీసాలో పట్టిన వాయువును చేజారనీయక కాపాడుటయే నేటికిని మిగిలియున్న పని.