ఆవిరి మీద చేప

ఈసారి నేర్చుకున్న మాట "ఆవిరి". ఆవిరి కుడుము, ఇడ్లీ మనకు తెలుసు. కానీ చేప అంటే మనకు పులుసు, వేపుడు, ఇగురు. ఇక్కడ మలేషియాలో చైనావాళ్ళు చేపను కూడా ఆవిరి మీదే ఉడికిస్తారు. ఈ అలవాటు ఎక్కడిదో చదివి, నాకు వచ్చిన తెలుగులో రాస్తున్నాను.

చైనాలో ఆవిరి వంట చాలా పాతది. జెజియాంగ్ రాష్ట్రంలోని హెముడులో సుమారు 7,000 ఏళ్ళ నాటి మట్టి పాత్రలు దొరికాయి. వాటిలో ఒక రకానికి అడుగున చిల్లులున్నాయి. నీళ్ళు మరిగే కుండ మీద దాన్ని పెడితే, చిల్లుల్లోంచి ఆవిరి పైకి వస్తుంది. తర్వాత షాంగ్ రాజుల కాలంలో ఇలాంటి పాత్రలను కంచుతో చేశారు. క్రీ.పూ. 1200 ప్రాంతంలో చనిపోయిన రాణి ఫూ హావో సమాధిని 1976లో తవ్వితే, ఒకే పీట మీద మూడు ఆవిరి పాత్రలు కనిపించాయి.

6వ శతాబ్దంలో జియా సిషే అనే అధికారి "చీమిన్ యావోషు" అనే వ్యవసాయ గ్రంథం రాశాడు. అందులో ఆవిరి చేప ఉంది. అల్లం, నారింజ తొక్క, ఉప్పు, పులియబెట్టిన సోయా గింజల రసం వేసి, చేపను వెదురు ఆకుల్లో చుట్టి ఉడికించాలి. అల్లం, సోయా ఈ రోజుకీ ఆ వంటను వదల్లేదు.

1792లో కవి యువాన్ మే తన వంటల పుస్తకంలో ఒక హెచ్చరిక రాశాడు. చేపను పొయ్యి మీద నుంచి ఆలస్యంగా దించితే, బతికున్న మాంసం చచ్చిన మాంసమవుతుందని ఆయన మాట.

గ్వాంగ్‌డాంగ్‌ వంటవాళ్ళు ఈ మాటను చాలా గట్టిగా పట్టుకున్నారు. వాళ్ళ పద్ధతి ఇంట్లో కూడా తేలిక. నీళ్ళు బాగా మరిగాకే చేపను లోపల పెట్టాలి. అర కిలో పైన ఉన్న చేపకు 8 నుంచి 10 నిమిషాలు చాలు. పళ్ళెంలో చేరిన నీచు నీళ్ళు పారబోయాలి. సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు పైన పరిచి, కాగిన నూనె పోయాలి. చివర కొంచెం సోయా సాస్. అంతే.

మన పులుసులో చింతపండు, కారం చేపను కాపాడతాయి. మరునాటికి రుచి ఇంకా పెరుగుతుంది. ఆవిరి చేపకు ఆ రక్షణ లేదు. తాజాగా లేకపోతే మొదటి ముద్దకే తెలిసిపోతుంది. అందుకే హాంకాంగ్ హోటళ్ళు చేపలను నీళ్ళ తొట్టెల్లో బతికుంచుతాయి.

ఆ కోరికకు సముద్రం వెల కట్టింది. బతికున్న చేపల కోసం వ్యాపారులు దక్షిణ చైనా సముద్రం నుంచి ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మా సబా దాకా వచ్చారు. కొందరు పగడపు దిబ్బల్లో సైనైడ్ చల్లి చేపలకు మత్తెక్కించి పట్టారు. నెపోలియన్ చేప పెద్దదయ్యేసరికి మనిషంత పొడవుంటుంది. కానీ చేపను తలతో సహా నిండుగా వడ్డించాలి కదా! అందుకని పళ్ళెంలో పట్టేంత పిల్లలనే ఎక్కువగా పట్టారు. గుడ్లు పెట్టే వయసు రాకముందే అవి పోయాయి. 2004లో దాని అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ ఒప్పందం నియంత్రణ పెట్టింది.

మలయాకు ఈ వంటను వలస వచ్చినవాళ్ళు తెచ్చారు. 19వ శతాబ్దంలో పెరాక్ తగరం గనులకు చైనా కూలీలు వచ్చారు. అదే పెరాక్ తోటలకు మన తెలుగువాళ్ళూ వచ్చారు. ఇక్కడ తియోచ్యూ ఇళ్ళలో చందువా చేపను ఉప్పులో ఊరిన ఆవకూర, పుల్ల రేగు, టమాటాతో ఆవిరి పెడతారు. కాస్త పులుపున్న ఆ రసం మన నాలుకకు దగ్గర.

ఇక్కడి బజారులో దొరికే సియాకప్ ఇంకెవరో కాదు, మన పండుగప్పే! 1970లలో థాయిలాండ్‌లో దాని పిల్లలను పుట్టించడం నేర్చుకున్నారు. ఇప్పుడు దాన్ని చెరువుల్లో, వలల్లో పెంచుతున్నారు. ఆవిరి మీద పెట్టడానికి అది చక్కని చేప. పగడపు దిబ్బలకు కాస్త ఊపిరి కూడా.