విప్పితే లేచే కార్డు

తెరవగానే గోపురమో, పువ్వుల గుత్తో పైకి లేచే గ్రీటింగ్ కార్డును చూసి మురిసిపోని వాళ్లుండరు. అందరం మెచ్చుకునేది అది లేవడాన్నే. పనితనమంతా మాత్రం అది పడుకోవడంలో ఉంది. మూస్తే చదునైపోవాలి, కవరులో పట్టాలి, టపా సంచిలో నలగకూడదు, అవతలివాళ్ల చేతిలో మళ్లీ లేవాలి. అందుకే ఈ కార్డు కథలో సగం పుస్తకాలది, సగం తపాలాది.

పుస్తకాల సగం పాతది. 13వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్ మఠంలో మాథ్యూ పారిస్ అనే సన్యాసి ఈస్టర్ తేదీలు లెక్కగట్టడానికి తన రాతప్రతిలో తిప్పే చక్రం అమర్చాడు. 1570లో లండన్‌లో యూక్లిడ్ రేఖాగణితానికి తొలి ఇంగ్లిష్ అనువాదం అచ్చయింది. అందులో ఘనాకృతుల పాఠం దగ్గర చిన్న కాగితపు ముక్కలు అంటించి ఉంటాయి. వాటిని వేలితో పైకెత్తి చేరిస్తే పుట మీద పిరమిడ్ నిలబడుతుంది. ఈ విద్య పిల్లల చేతికి రావడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది. 1765 ప్రాంతంలో రాబర్ట్ సేయర్ అనే లండన్ ప్రచురణకర్త, రెక్క ఎత్తితే బొమ్మ మారే కథలు అమ్మాడు. 1887లో జర్మనీలో లోథర్ మెగ్గెన్‌డార్ఫర్ తెచ్చిన సర్కస్ పుస్తకం మడతలు విప్పితే గుర్రాలు, గారడీవాళ్లు, చూడవచ్చిన జనంతో సహా సర్కస్ అంతా బల్ల మీద నిలుస్తుంది. ‘పాప్-అప్’ అన్న పేరు మాత్రం 1930లలో న్యూయార్క్‌కు చెందిన బ్లూ రిబ్బన్ బుక్స్ ప్రచారంలోకి తెచ్చింది.

ఇక తపాలా సంగతి. 1840కి ముందు బ్రిటన్‌లో ఉత్తరం ఖర్చు ఎన్ని కాగితాలు, ఎంత దూరం అన్న లెక్కన ఉండేది. కవరు వేస్తే అదీ ఒక కాగితం కిందే లెక్క, ఖర్చు రెట్టింపు. అందుకని జనం కవరు జోలికే పోలేదు. రాసిన కాగితాన్నే మడిచి, లక్క ముద్ర వేసి, దాని వీపు మీదే చిరునామా రాసేవారు. చోటు చాలకపోతే రాసిన వరుసల మీదే అడ్డంగా మళ్లీ రాసేవారు. రోలండ్ హిల్ పట్టుబట్టి తెచ్చిన పెన్నీ పోస్ట్ ఈ లెక్కను తిరగేసింది. 1840 నుంచి దేశంలో ఎక్కడికైనా అర ఔన్సు లోపు బరువుకు ఒక్క పెన్నీ. లోపల ఎన్ని పొరలున్నాయో తపాలావాళ్లకు అనవసరం. కవరుకు అప్పుడు యోగం పట్టింది. అంతవరకు రేకు అచ్చు పెట్టి కోసి చేత్తో మడిచే కవర్లకు 1845లో రోలండ్‌కు అన్న అయిన ఎడ్విన్ హిల్, వారెన్ డి లా రూ కలిసి యంత్రం కనిపెట్టారు. రోలండ్‌కు తపాలా సంస్కరణలో తోడ్పడిన హెన్రీ కోల్ 1843లో తొలి క్రిస్మస్ కార్డు అచ్చు వేయించాడు. కార్డు ధర ఒక షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు.

కోల్ కార్డు చదునుదే. కార్డుకు లోతు తెచ్చినవాళ్లలో ముఖ్యురాలు అమెరికాలోని వూస్టర్‌కు చెందిన ఎస్తర్ హౌలాండ్. తండ్రిది స్టేషనరీ వ్యాపారం. 1847లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన వాలెంటైన్ కార్డు ఒకటి చూసి, తానూ చేయగలననుకుంది. లేసు కాగితాల మధ్య హార్మోనియం తిత్తిలా మడిచిన సన్నని కాగితపు ముక్కలు పెట్టి పొరల్ని ఎడంగా నిలిపింది. కవరులో నొక్కుకుపోతాయి, తీస్తే ఉబికివస్తాయి. ఊరూరా తిరిగి సరుకు అమ్మే అన్న చేతికి నమూనాలిస్తే, రెండు వందల డాలర్ల ఆర్డర్లు ఆశించిన చోట ఐదు వేలకు పైగా వచ్చాయని చెబుతారు. చుట్టుపక్కల అమ్మాయిల్ని కూర్చోబెట్టి, ఒకరు కోయడం, ఒకరు అంటించడం చొప్పున పని పంచి, ఇంట్లోనే కార్ఖానా నడిపింది.

తపాలా లెక్కకు తగ్గట్టు కార్డు నడవడం మనమూ ఎరిగినదే. సంక్రాంతికీ కొత్త సంవత్సరానికీ కార్డులు కట్టలుగా కొన్న రోజుల్లో కవరు మూత అంటించకుండా లోపలికి దోపి, పైన ‘బుక్ పోస్ట్’ అని రాసి తక్కువ స్టాంపుతో పంపేవాళ్లం.

మళ్లీ మడతల సంగతికొస్తే, జిగురే అక్కర్లేని పద్ధతి జపాన్‌ది. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వాస్తుశిల్పం బోధించిన మసాహిరో చటాని 1980ల మొదట్లో ఒకే కాగితాన్ని కోసి మడిచి కట్టడాలు లేపే కార్డులు చేశాడు. ఆ తరహాకు ఓరిగామిక్ ఆర్కిటెక్చర్ అని పేరు.

ఈ పద్ధతిలో మొదటి మెట్టు ఇంట్లోనే వేసుకోవచ్చు. దళసరి డ్రాయింగ్ షీటును సగానికి మడవండి. మడత వైపు నుంచి 3 సెం.మీ. పొడవున రెండు గాట్లు పక్కపక్కన పెట్టండి. వాటి చివర్ల మధ్య స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీత నొక్కండి. కార్డు తెరిచి ఆ పట్టీని లోపలి వైపుకు తోసి మడిస్తే, సగం తెరిచినప్పుడు చిన్న అరుగు లేస్తుంది. దాని ముందు గోడకు బొమ్మ అంటించాలి. బొమ్మ ఎత్తుకు ఒక హద్దుంది. కార్డు మడత నుంచి అంచుదాకా 10 సెం.మీ. అయితే, అరుగు 3 పోగా బొమ్మ 7 సెం.మీ. మించకూడదు. మించితే మూసినప్పుడు తల బయటికొస్తుంది, కవరులో పెట్టగానే నలుగుతుంది.

కవరుకు చదరపు కాగితం చాలు. 14 సెం.మీ. చదరపు కార్డుకు 22 సెం.మీ. కాగితం తీసుకుని, కార్డు అంచులు కాగితం మూలలకు ఎదురుగా వచ్చేలా తిప్పి నడుమ పెట్టి, అంచుల దగ్గర కాస్త వదులు ఉంచి నాలుగు మూలల్నీ లోపలికి మడవాలి. కింది మూడూ అంటిస్తే పైది మూత. టపాలో పంపదలచుకున్నవాళ్లు మాత్రం ముందు కవరు కొలత, స్టాంపుకు సరిపడే బరువు తేల్చుకుని, ఆ తర్వాతే కత్తెర పట్టుకోవడం మేలు.