సిల్వన్ అంటే అందమైన అడవి, మరి అడవిలో ఉండేటోళ్లను ఏమంటారు?

మా మహబూబ్‌నగర్ నుంచి శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటంగనే ఏసీ బంద్ చేసి కారు అద్దాలు దించుతాం. నల్లమల గాలి అట్లుంటది. పోయినసారి అక్కడ ఒక రీల్ తీసి, కింద ‘సిల్వన్’ అని రాసిన. రోడ్డు పక్కన తేనె అమ్మే చెంచు పెద్దాయన ఫోన్ చూసి అడిగిండు: “గదేంది బిడ్డా?” చెట్లతో నిండిన చోటును ఇంగ్లీష్‌ల అట్లంటారు తాతా అన్న. “మరి అండ్ల ఉండేటోళ్లను ఏమంటరు?” అన్నడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి వెతికిన.

లాటిన్ భాషలో అడవిని ‘సిల్వా’ అంటారు. సిల్వన్ దాన్నుంచే వచ్చింది. అమెరికాలోని పెన్సిల్వేనియా అంటే పెన్ గారి అడవి. 1681లో ఇంగ్లండ్ రాజు ఆ నేలను విలియం పెన్‌కు ఇచ్చిండు. ట్రాన్సిల్వేనియా అంటే అడవికి అవతలి సీమ. ఇంకో తమాషా ఏందంటే, గ్రీకులో అడవిని ‘హ్యూలే’ అంటారు. సిల్వాకు దాంతో చుట్టరికం ఉందనుకుని పాత రాతగాళ్లు ‘ఐ’ తీసి ‘వై’ పెట్టిండ్రు. ఆ పొరపాటు ఇప్పటికీ స్పెల్లింగ్‌లో అట్లనే ఉంది.

ఇగ అసలు సంగతి. అదే సిల్వా నుంచి ‘సిల్వాటికస్’ వచ్చింది, అంటే అడవికి చెందినది అని. అది ఫ్రెంచ్‌లో ‘సొవాజ్’ అయి, ఇంగ్లీష్‌లో ‘సావేజ్’ అయ్యింది. మొదట అడవిలో పెరిగినది అనే అర్థమే. తర్వాత క్రూరుడు, అనాగరికుడు అని తిట్టు అయ్యింది. అంటే చెట్లకేమో సిల్వన్, మనుషులకేమో సావేజ్! మనం మాత్రం తక్కువ తిన్నమా? ‘వనం’ అంటే ముద్దు. ‘ఆటవిక చర్య’ అంటే పేపర్ల హెడ్డింగ్.

కానీ ఆ తిట్టు నిజమేనా? ఆస్ట్రియాలో పుట్టిన హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1940లో నల్లమల చెంచుల మధ్య తిరిగి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చేసిండు. ఏ గుంపు ఏ అడవి భాగంలో గడ్డలు తవ్వుకోవాలి, తేనె తీసుకోవాలి అనేదానికి వాళ్లలో కట్టుబాటు ఉన్నదని అందులో కనబడుతది. కాగితం లేదు గానీ, హద్దు ఉంది.

ఇప్పుడు ఆ అడవి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. 2016లో జిల్లాలు విడగొట్టినంక అది నాగర్‌కర్నూల్ కిందికి పోయింది. కోర్ ఏరియాలోని చెంచు పెంటలను బయటికి తరలించాలనే మాట నడుస్తనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోకుండా అట్ల చేయొద్దు. కానీ అడవి అంటే చెట్లు, పులులే అనుకునేటోళ్లకు ఆ గ్రామసభ గుర్తుకొస్తదా?

నా రీల్ ఇంకా ఉంది, క్యాప్షన్ మాత్రం మార్చిన. ఇప్పుడు అక్కడ ‘చెంచుల నల్లమల’ అని ఉంటది. మళ్లీ పోయినప్పుడు తాతకు చూపిస్త.