ఫలములు, ఆహారమున వాని స్థానము

విటమినులు, ఖనిజలవణములు, పీచుపదార్థము, సహజశర్కరలు గలిగి, వండ నక్కరలేకయే భుజింపదగినవి ఫలములు. అన్నము శక్తిని, పప్పు మాంసకృత్తులను సమకూర్పగా, ఆ రెంటను కొరవడిన సి విటమినును పూరించుట వీని ముఖ్యధర్మము. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు దినమునకు 100 గ్రాముల పండ్లను విధించినది.

విజయనగరము జిల్లాలో, విశాఖపట్టణమునుండి అరకులోయకు బోవు త్రోవలో, తూర్పుకనుమల చెంత నున్న శృంగవరపుకోట ప్రాంతము ఇట్టి ఫలములలో పనసకును, మామిడికిని అనువైన నేల. ఉత్తరాంధ్రమున ప్రసిద్ధమైన సువర్ణరేఖ మామిడి, తొడిమవైపు ఎర్రని జీరతో వేసవి తొలినాళ్లనే పక్వమై, దేహమున ఏ విటమినుగా మారి కంటిచూపును కాపాడు కెరోటీనును ఒసగును. పనస లేతగా నున్నప్పుడు పొట్టుగా కొట్టబడి, ఆవపెట్టిన కూరయై విందులలో మన్నన నందును; పండిన పిదప, జిగురంటకుండ చేతులకు నూనె రాచుకొని ఒలిచిన తొనలు తీయని ఫలాహార మగును; పిక్కలు సైతము ఉడికించినచో పిండిపదార్థమును, కొంత మాంసకృత్తులను ఇచ్చును. జామపండున 100 గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిను గలదు. ఇది నారింజయందలి దానికంటె పలురెట్లు అధికము.

రసము తీసి వడకట్టినచో పీచు నశించి, శర్కర త్వరగా రక్తమున జేరును గావున పండును పండుగానే తినుట మేలు. మధుమేహరోగులు మామిడి, పనసలను మితముగా గ్రహింపవలయును. దూరదేశముల ఆపిలుకంటె పెరటిజామ పోషణమున తీసిపోదు. పేదయింటి బిడ్డలకు సైతము అందదగిన ఈ ఫలమును తల్లిదండ్రులు ప్రీతితో, విధిగా పెట్టవలయును.